ముసలి కుక్క నోరు కంపు కొడుతుంటే: బ్రష్షా, నమిలే స్టిక్కులా, మత్తిచ్చి క్లీనింగా?

"ముసలిదైంది, నోరు వాసన రాదా మరి" అని మన వైపు చాలా ఇళ్లల్లో సరిపెట్టుకుంటారు. వయసు పెరిగితే మూతి మీద వెంట్రుకలు నెరుస్తాయి, నడక నెమ్మదిస్తుంది. నోరు కంపు కొట్టడం మాత్రం వయసు లక్షణం కాదు, జబ్బు లక్షణం. పళ్ల సందుల్లో, చిగుళ్ల కింద చేరిన సూక్ష్మజీవులు గంధకం కలిసిన వాయువులు వదులుతాయి. మనం మొహం తిప్పుకునేది ఆ వాసనకే. ఏళ్ల తరబడి తోమని నోరు కాబట్టి ముసలి కుక్కల్లో ఎక్కువ కనిపిస్తుంది, అంతే.

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో పెట్ షాపుకు వెళ్లి విషయం చెబితే ముందు ఒక స్ప్రే చూపిస్తారు. తర్వాత నీళ్లలో కలిపే మందు, పొడి, నమిలే స్టిక్కులు. గ్రూమింగ్ సెంటర్‌లో అడిగితే స్నానంతోపాటు పళ్లు కూడా క్లీన్ చేస్తామంటారు. డాక్టర్ మత్తిచ్చి స్కేలింగ్ (గార తీసే పని) చేయాలంటే "ఈ వయసులో మత్తా?" అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఈలోపు పక్కింటి అవ్వ ఉప్పు, పసుపు కలిపి రుద్దమంటుంది.

వీటిలో ఏది మేలన్నది కుక్క వయసును బట్టి కన్నా చిగురు కింద ఎంత నష్టం జరిగిందన్నదాన్ని బట్టి తేలుతుంది. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. చిగురు ఇంకా గట్టిగా ఉంటే ఇంట్లో బ్రష్షింగ్‌కు మించింది లేదు. చిగురు పాడైపోయి ఉంటే మత్తిచ్చి చేసే వైద్యానికి బదులు షాపులో దొరికేది ఏదీ లేదు. కుక్కను మెలకువగా ఉంచి గార గీకించడం మాత్రం ఎవరికీ చెప్పను.

ముందు పెదవి ఎత్తి చూడండి

మంచి వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరిపించకుండానే, పై పెదవిని పక్క నుంచి పైకి ఎత్తండి. పెద్ద కుక్కకు 42 పళ్లుంటాయి, అన్నీ లెక్కపెట్టనక్కర్లేదు. చూడాల్సింది పై దవడలో కంటికి సూటిగా కింద ఉండే పెద్ద పన్ను. లాలాజలం వచ్చే గొట్టం ఒకటి దాని పక్కనే తెరుచుకుంటుంది, అందుకే గార అక్కడ ముందుగా, మందంగా పడుతుంది. ఆ పన్నుకు మూడు వేర్లు. వేరు దగ్గర చీము పడితే వాపు కంటి కింద తేలుతుంది. ఏదో పురుగు కుట్టిందనుకుని కంట్లో చుక్కలు వేస్తూ కూర్చునేవాళ్లు ఉన్నారు. వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే పన్నును అనుమానించండి.

పన్ను మీద జిగురుగా పట్టేది పాచి. లాలాజలంలోని ఖనిజాలు చేరి అది రెండు మూడు రోజుల్లోనే గట్టిపడటం మొదలై గార అవుతుంది. బ్రష్‌తో పాచి పోతుంది, గార పోదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే షాపులో సగం డబ్బాలు కొనే పని తప్పుతుంది.

గార కన్నా ముఖ్యంగా చూడాల్సింది చిగురు. అంచు వెంట ఎర్రటి గీత ఒక్కటే ఉంటే మొదటి దశ. అప్పటికి ఎముకకు దెబ్బ తగల్లేదు, శుభ్రం చేస్తే చిగురు మామూలుగా అయిపోతుంది. రెండో దశలో పన్నును పట్టి ఉంచే ఎముకలో పావు వంతు దాకా పోతుంది. మూడో దశలో పావు నుంచి సగం దాకా, నాలుగో దశలో సగానికి పైనే పోతుంది. పోయిన ఎముక మళ్లీ దానంతటది పెరగదు. చిగురు కిందికి జారి వేరు కనిపించడం, ముట్టుకుంటే రక్తం రావడం, పన్ను కదలడం, చిగురంచు నుంచి చీము రావడం ఇవన్నీ ముదిరిన గుర్తులు. ఒక్కోసారి పన్ను పైకి తెల్లగానే ఉండి లోపల ఎముక కరిగిపోయి ఉంటుంది, గార దిట్టంగా ఉన్న పన్ను కింద ఎముక బాగానే ఉంటుంది. పళ్ల ఎక్స్‌రే తీస్తేగానీ ఖాయంగా తెలియదు.

"తింటూనే ఉంది కదా, నొప్పి ఉంటే తినదు కదా" అన్న మాటను నమ్మకండి. కుక్క నొప్పితోనే తింటుంది. ఒకవైపే నమలడం, ముద్ద నోట్లోంచి జారవిడవడం, గట్టి బిస్కెట్ వదిలేసి పెరుగన్నం దగ్గరికే పోవడం, తల నిమరబోతే పక్కకు తప్పుకోవడం, మూతిని కాలితో రుద్దుకోవడం చూడండి. ఒక ముక్కులోంచే చీమిడి కారుతూ తుమ్ములు వస్తుంటే పై కోరపన్ను వేరు పక్కన ముక్కులోకి రంధ్రం పడి ఉండవచ్చు. డాచ్‌షండ్ లాంటి పొడుగు మూతి చిన్న కుక్కల్లో ఇది బాగా కనిపిస్తుంది.

మన దగ్గర పామేరియన్ అని పిలుచుకునే తెల్ల స్పిట్జ్, పగ్, షిట్జూ లాంటి చిన్న జాతులకు చిన్న దవడలో పళ్లు ఇరుకుగా ఉండి ఈ జబ్బు తొందరగా వస్తుంది. లాబ్రడార్‌కు వచ్చేసరికి పళ్లు విరగడం ఎక్కువ, దానికి మనం వేసే బొక్కలే కారణం.

అన్ని కంపులూ పంటివి కావు

ఏ దారి పట్టాలో తేల్చే ముందు వాసన ఎలాంటిదో గమనించండి. మూత్రం లాంటి, అమ్మోనియా లాంటి ఘాటు వాసన వస్తూ, కుక్క నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ పోస్తుంటే కిడ్నీల వైపు చూడాలి. మాగిన పండు లాంటి తియ్యటి వాసన, దానికి తోడు నీరసం, వాంతులు ఉంటే షుగర్ ముదిరి ఉండవచ్చు, అది ఆ రోజే దవాఖానకు పోవాల్సిన పరిస్థితి. కుళ్లిన మాంసం కంపుతో ఒకచోట నుంచే రక్తం వస్తుంటే, చిగురు మీదో నాలుక కిందో నల్లగా, ఎర్రగా గడ్డ కనిపిస్తే అది కణితి కావచ్చు. ముసలి కుక్కల నోట్లో మెలనోమా అనే క్యాన్సర్ అరుదేం కాదు, తొందరగా పాకుతుంది. ఇలాంటి దానికి స్టిక్కులు వేస్తూ నెల పోగొట్టుకోవద్దు.

నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా కంపు మొదలైతే అంగిట్లో అడ్డంగా ఏదైనా ఇరుక్కుందేమో చూడాలి. పై దవడ పళ్ల మధ్య పుల్లముక్కో బొక్కముక్కో ఇరుక్కోవడం, మటన్ నల్లి బొక్క గుండ్రంగా కింది దవడకు తగులుకోవడం రెండూ జరిగేవే.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. చొంగ విపరీతంగా కారుతూ, కింది దవడ వేలాడుతూ, మింగలేక, గొంతు మారి, తీరు మారిన కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి, ముఖ్యంగా దాని టీకాల సంగతి తెలియకపోతే. గొంతులో బొక్క ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది కానీ రేబిస్ కూడా అలాగే ఉంటుంది. కుక్కను వేరుగా ఉంచి డాక్టర్‌కు ఫోన్ చేయండి. మీ చేతికి దాని చొంగ తగిలి ఉంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి మనుషుల దవాఖానకు వెళ్లండి.

ఇంకొకటి మన ప్రాంతానికి బాగా వర్తించేది. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే అందరూ పళ్లే అనుకుంటారు. గోమార్లు పట్టిన కుక్కల్లో వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోయి కూడా చిగుళ్లు, ముక్కు రక్తం కారతాయి. అలాంటి కుక్కకు రక్తపరీక్ష చేయకుండా పన్ను పీకితే రక్తం ఆగదు. తెలంగాణలో ఏ కుక్కకు పళ్ల పని పెట్టుకున్నా ప్లేట్‌లెట్ల లెక్క చూసుకోవడం తప్పనిసరి అని నేనంటాను.

బ్రష్: చౌక, మేలు, ఓపిక మాత్రం కావాలి

చిగురు మామూలుగా ఉన్నా, అంచు కాస్త ఎర్రబడినా బ్రష్షే మొదటి ఎంపిక. రోజూ చేయాలి. రోజు విడిచి రోజైనా ఫలితం ఉంటుంది. వారానికోసారి చేస్తే చేసినట్టు తృప్తి తప్ప ఇంకేం మిగలదు, ఎందుకంటే ఆలోపే పాచి గారగా మారిపోతుంది.

చిన్నపిల్లల మెత్తటి బ్రష్ సరిపోతుంది. వేలికి తొడిగే రబ్బరు బ్రష్ అలవాటు చేయడానికి బాగుంటుంది కానీ చిగురంచున అంత బాగా తోమదు. మొదటి కొన్ని రోజులు పేస్ట్ వేలి మీద నాకనివ్వండి. తర్వాత వేలితో పెదవి కింద రుద్దండి, ఆ తర్వాతే బ్రష్. పన్ను, చిగురు కలిసే చోట ఏటవాలుగా పెట్టి తోమాలి. బయటి వైపు తోమితే చాలు, లోపలి వైపు పని చాలావరకు నాలుక చూసుకుంటుంది. పదేళ్ల కుక్క నేర్చుకోదనుకోవద్దు. కోడి మాంసం రుచి ఉన్న పేస్ట్ అయితే అదే డబ్బా వెనకాల తిరుగుతుంది.

పేస్ట్ కుక్కల కోసం చేసిందే వాడండి. మన పేస్ట్‌లో ఫ్లోరైడ్, నురుగు వచ్చే రసాయనాలు ఉంటాయి, కుక్కకు ఉమ్మేయడం రాదు. కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. అది కుక్క రక్తంలో షుగర్‌ను ఉన్నట్టుండి పడేస్తుంది, లివర్‌ను దెబ్బతీస్తుంది. షుగర్ లేని చూయింగ్ గమ్‌లోనూ అదే ఉంటుంది. కుక్క పేస్ట్ దొరకని రోజు వట్టి తడి బ్రష్ చాలు, పని చేసేది రుద్దడమే.

ఉప్పు, పసుపు, బొగ్గు, వేపపుల్ల, లవంగ నూనె, పళ్లపొడి: ఇవన్నీ మంచి మనసుతో చెప్పేవే. వాచిన చిగురు మీద ఉప్పు, లవంగ నూనె మండుతాయి. గరుకు పొడులు పంటి పైపొరను గీకుతాయి. అవ్వకు సరేనని చెప్పి ఊరుకోండి.

చిగుళ్లు చీము పట్టి నొప్పిగా ఉన్న కుక్కకు బ్రష్ మొదలుపెట్టవద్దు. నొప్పి అనుభవం ఒక్కసారి పడిందంటే తర్వాత బ్రష్ చూడగానే బల్ల కిందికి దూరుతుంది. ముందు వైద్యం, గాయాలు మానాక బ్రష్.

స్టిక్కులు, పొడులు, నీళ్లలో మందులు, డెంటల్ ఫుడ్

వీటిని బ్రష్‌కు తోడుగా అయితే ఒప్పుకుంటాను. బ్రష్‌కు బదులుగా అంటే ఏమీ లేనిదానికన్నా కొంచెం నయం. వైద్యానికి బదులుగా అంటే మాత్రం డబ్బు దండగ.

నమిలే స్టిక్ పనిచేయాలంటే కుక్క దాన్ని నమలాలి. లాబ్రడార్ రెండు కొరుకుల్లో మింగేస్తుంది. పళ్లు నొప్పి పెట్టే ముసలి కుక్క అసలు ముట్టదు, లేదంటే ఒక పక్కే నమిలి రెండో పక్క గార అలాగే ఉంచుకుంటుంది. కుక్క బరువుకు తగ్గ సైజు కొనండి, అందులో ఉన్న కేలరీలను అన్నంలో తగ్గించండి. అమెరికాలో వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ అని ఒకటుంది, పాచిని, గారను తగ్గిస్తున్నట్టు పరీక్షల్లో రుజువైన వాటికి తన ముద్ర ఇస్తుంది. ప్యాకెట్ మీద 'డెంటల్' అని రాసి ఉన్నంత మాత్రాన అది ఆ పరీక్ష దాటినట్టు కాదు. రెండు ప్యాకెట్ల మధ్య ఊగిసలాట వస్తే ఆ ముద్ర ఉన్నది తీసుకోండి.

బొక్కల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మనింట్లో ఆదివారం మిగిలేవి అవే. ఉడికిన కోడి బొక్క పేలికలుగా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. మటన్ నల్లి బొక్క పంటిని విరగ్గొడుతుంది, అదీ నేను ముందు చెప్పిన కంటి కింది పెద్ద పన్నునే. ఎద్దు గిట్టలు, జింక కొమ్ముల పేరుతో అమ్మేవి కూడా అంతే. గోటితో నొక్కితే కాస్తైనా గుంట పడాలి, పడకపోతే ఆ వస్తువు కుక్క పళ్లకు పనికిరాదు.

నీళ్లలో కలిపే మందుతో నాకున్న ఇబ్బంది ఒకటే. రామగుండం, ఆదిలాబాద్ ఎండల్లో ముసలి కుక్క నీళ్లు తాగడం తగ్గిస్తే పళ్ల కన్నా పెద్ద సమస్య వస్తుంది. రుచి నచ్చక మానేసే కుక్కలు ఉంటాయి. వాడాలనుకుంటే పక్కనే మామూలు నీళ్ల గిన్నె కూడా పెట్టండి. సముద్రపు నాచు పొడిలో అయోడిన్ ఉంటుంది, థైరాయిడ్ మందు వాడే కుక్కకు డాక్టర్‌ను అడగకుండా వేయవద్దు. స్ప్రేలు చాలావరకు కంపును కప్పేవే.

"డ్రై ఫుడ్ పెడితే పళ్లు వాటంతటవే శుభ్రపడతాయి" అనేది సగం కూడా నిజం కాదు. మామూలు గింజ కొరకగానే పొడైపోతుంది. పంటి చుట్టూ రుద్దుకునేలా పెద్దగా, పీచుతో చేసిన డెంటల్ డైట్‌లు వేరే ఉన్నాయి, అవి పనిచేస్తాయి. అయితే కిడ్నీ జబ్బున్న కుక్కకు కిడ్నీ డైటే ముఖ్యం, అక్కడ పళ్ల డైట్ పక్కకు పోవాల్సిందే.

మెలకువగా ఉంచి గార గీకించడం

వినడానికి ఇదే బాగుంటుంది. మత్తు లేదు, రక్తపరీక్ష లేదు, గంటలో తెల్లటి పళ్లతో ఇంటికి వస్తుంది. కానీ జబ్బు ఉండేది చిగురు కింద. అక్కడికి పరికరం పోతే కుక్క ఊరుకోదు, కాబట్టి అక్కడ ఎవరూ చేయరు. చెదపట్టిన గుంజకు రంగు వేసినట్టు, పైన మెరుపు వచ్చి లోపల కుళ్లడం సాగుతూనే ఉంటుంది. పైగా గీకిన పన్నుకు పాలిష్ పెట్టకపోతే గరుకు మీద పాచి ఇంకా తొందరగా అంటుకుంటుంది. ముసలి కుక్కను గంటసేపు కదలకుండా పట్టుకుంటే మెడ, నడుము నొప్పులు కూడా రావచ్చు. పశు దంతవైద్య నిపుణుల సంఘాలు ఈ పద్ధతిని వ్యతిరేకిస్తూనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో స్కేలర్ కొని ఇంట్లోనే గీకేవాళ్లకూ ఇదే మాట.

అన్నిటికన్నా పెద్ద నష్టం, తెల్లటి పళ్లు చూసి మనం నిశ్చింతగా ఉండిపోవడం.

యాంటీబయాటిక్ కోర్సు

మెట్రోనిడజోల్ లాంటి మందు వేస్తే వారంలో కంపు తగ్గుతుంది. మందు ఆపిన కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది, ఎందుకంటే సూక్ష్మజీవుల పొర, గార అక్కడే ఉన్నాయి. చీము, వాపు ఉన్నప్పుడు, పళ్లు తీయడానికి ముందో తర్వాతో డాక్టర్ రాస్తే వాడాల్సిందే. పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ తెచ్చి వేయడం వైద్యం కాదు. నొప్పికి మన డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అసలు వేయకండి, కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

మత్తిచ్చి చేసే వైద్యం: భయం దేనికి, దేనికి అక్కర్లేదు

ఇందులో పైన గార తీయడం చిన్న భాగమే. చిగురు కింద శుభ్రం చేస్తారు, ప్రతి పంటి చుట్టూ సన్నటి కొలపుల్లతో లోతు చూస్తారు, ఎక్స్‌రే ఉంటే తీస్తారు, నిలవని పళ్లు తీసేస్తారు, మిగిలిన వాటికి పాలిష్ పెడతారు.

"వయసు ఎక్కువ, మత్తు తట్టుకోదు" అన్న భయం సహజమే. బ్రిటన్‌లో లక్షకు దగ్గరగా కుక్కలను పరిశీలించి 2008లో వెలువరించిన లెక్కలు ఇక్కడ పనికొస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు సంబంధిత మరణాలు దాదాపు 2000కు ఒకటి, జబ్బుతో ఉన్న వాటిలో దాదాపు 75కు ఒకటి. వయసు బాగా మళ్లిన కుక్కల్లో ప్రమాదం పెరిగిన మాట నిజమే, కానీ పెద్ద తేడా తెచ్చేది లోపల దాగిన జబ్బు. కాబట్టి వయసు చూసి వద్దనుకోవడం కన్నా పరీక్షలు చేయించి తేల్చుకోవడం మేలు. రక్తకణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), లివర్ ఎంజైములు, షుగర్, మూత్రపరీక్ష చేయించండి. గుండెలో శబ్దం వినిపిస్తే ఛాతీ ఎక్స్‌రే, వీలైతే ఎకో (గుండె స్కాన్) కూడా. చిన్న జాతి ముసలి కుక్కల్లో గుండె కవాటం బలహీనపడటం మామూలే. శబ్దం ఉన్నంత మాత్రాన మత్తు కుదరదని కాదు, మందుల ఎంపిక మారుతుంది. కెటమిన్, జైలజీన్ ఇంజెక్షన్ ఒక్కటే చేతిలో ఉన్న చోట గుండె జబ్బున్న కుక్కతో సాహసం చేయవద్దు. జైలజీన్ గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది. ఐసోఫ్లురేన్ గ్యాస్ అయితే మోతాదును నిమిషనిమిషానికి తగ్గించవచ్చు, ఆపగానే కుక్క త్వరగా లేస్తుంది.

క్లినిక్‌ను ఎంచుకోవడానికి బోర్డు చూడటం కన్నా కొన్ని ప్రశ్నలు నయం. గాలిగొట్టంలో ట్యూబ్ వేస్తారా? స్కేలర్ నుంచి చిమ్మే నీళ్లు, గార ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడేది ఆ ట్యూబే, అది లేదంటే ఆ చోటు వదిలేయండి. సెలైన్ పెడతారా? పళ్ల పని చేసే మనిషి కాకుండా మత్తును గమనించడానికి ఇంకొకరు ఉంటారా? ఆక్సిజన్, బీపీ చూసే మెషిన్ ఉందా? పళ్లు తీసే ముందు ఆ చోట తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారా? పళ్ల ఎక్స్‌రే ఉందా? చివరిది లేకపోయినా మిగతావన్నీ ఉంటే నేను ఒప్పుకుంటాను. ఖర్చు అడిగేటప్పుడు పరీక్షలు, మత్తు, స్కేలింగ్, ఒక్కో పన్ను తీయడం విడివిడిగా చెప్పమనండి. ఎన్ని పళ్లు తీయాలో మత్తిచ్చి చూశాకే తెలుస్తుంది, అందుకే మొదట చెప్పిన మొత్తం పెరిగిందని గొడవపడే వాళ్లు ఎక్కువ. తీయాల్సి వస్తే ఫోన్ చేసి అడగాలో, చేసేయాలో ముందే మాట్లాడుకోండి.

పళ్లు తీసేస్తే ఎట్లా తింటుందన్న బెంగ వద్దు. కుళ్లిన పళ్లతో తినే కుక్క కన్నా పళ్లు లేని కుక్క హాయిగా తింటుంది, అసలు కుక్కలు మనలా నమిలి తినవు. చిన్న కుక్కల్లో కింది దవడ పళ్లను అలా వదిలేస్తే ఎముక పలచబడి దవడ విరిగే ప్రమాదం కూడా ఉంది.

వరంగల్‌లోనా, హైదరాబాద్‌లోనా?

మనకు దగ్గర్లో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి రెండు కాలేజీలున్నాయి, ఒకటి వరంగల్ మామునూరులో, ఒకటి జగిత్యాల జిల్లా కోరుట్లలో. ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ఊళ్లలో పశువులకు అక్కరకొచ్చేదే కానీ ఇలాంటి పనికి కాదు. పళ్ల ఎక్స్‌రే, గ్యాస్ మత్తు ఎక్కడ ఏ రోజు ఉంటాయో వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

పరీక్షలన్నీ బాగుండి, ఒకటి రెండు ఊగే పళ్లు, గార మాత్రమే ఉంటే పై ప్రశ్నలకు సరైన జవాబులు చెప్పిన దగ్గరి చోటే మేలు. కుట్లు చూపించడానికి, రాత్రి ఏదైనా అయితే పరుగెత్తడానికి దగ్గరుండటం పెద్ద సౌకర్యం. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నా, కణితి అనుమానం ఉన్నా, చాలా పళ్లు తీయాల్సి ఉన్నా హైదరాబాద్ వెళ్లడమే మంచిది. రాజేంద్రనగర్ పశువైద్య కాలేజీ ఉంది, సౌకర్యాలున్న పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. వరంగల్ నుంచి దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం, కారులోనే వెళ్లండి. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే దొరక్కపోతే గార్డు పెట్టె దగ్గరి డాగ్ బాక్సే గతి, మత్తు నుంచి లేచిన ముసలి ప్రాణాన్ని అందులో తేవడం భావ్యం కాదు. మత్తు వదిలిన తర్వాత కొన్ని గంటలు ఒంటి వేడిని అదుపులో ఉంచుకోవడం కుక్కకు కష్టం, అందుకే మే నెలలో ఎండ దిగాకే బయలుదేరండి, అవసరమైతే రాత్రి అక్కడే ఉండండి. అత్యవసరం కాకపోతే ఈ పనిని దసరా తర్వాతి నెలలకు పెట్టుకోవడం అన్ని విధాలా సుఖం.

ముందు రోజు రాత్రి నుంచి తిండి ఆపమంటారు. షుగర్ ఉన్న కుక్క అయితే ఇన్సులిన్, తిండి గురించి విడిగా అడిగి రాసుకోండి. తర్వాత పది, పద్నాలుగు రోజులు మెత్తటి అన్నం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్. కుట్లు మానాయని డాక్టర్ చూసి చెప్పాక బ్రష్ మొదలు. శుభ్రం చేసిన పన్ను మీద పాచి కొన్ని గంటల్లోనే మళ్లీ చేరడం మొదలవుతుంది, బ్రష్ లేకపోతే పెట్టిన ఖర్చు ఏడాది తిరక్కుండానే నీళ్లపాలు.

మత్తు కుదరదని తేలిపోతే

కిడ్నీలు బాగా దెబ్బతిన్న, గుండె నీరసించిన కుక్కలకు డాక్టర్ పరీక్షలు చూసి వద్దంటే వద్దు. అప్పుడు లక్ష్యం మారుతుంది, నోటిని బాగుచేయడం వదిలి నొప్పి తగ్గించడం చూస్తాం. తిండిని పూర్తిగా మెత్తగా, గోరువెచ్చగా పెట్టాలి. క్లోర్‌హెక్సిడిన్ జెల్ లాంటిది కుక్కలకు తగిన గాఢతలో డాక్టర్ రాసిస్తే చిగురంచున రాయాలి. నొప్పి మందు కిడ్నీల స్థితిని బట్టి డాక్టరే ఎంచాలి, మెలాక్సికామ్ అందరికీ కుదరదు. వాపు వచ్చినప్పుడు యాంటీబయాటిక్ కోర్సు ఇలాంటి కుక్క విషయంలో న్యాయమే. తిండి వైపు వెళ్లి వాసన చూసి వెనక్కి వస్తుంటే, చొంగలో రక్తం కనిపిస్తే, కంటి కింద వాపు తేలితే తర్వాతి చెకప్ దాకా ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి. మొదట వద్దన్న డాక్టర్ కూడా, చీము వల్ల కుక్క తిండి పూర్తిగా మానేస్తే, తక్కువ సమయం మత్తిచ్చి ఆ ఒక్క పన్ను తీయడానికి ఒప్పుకునే సందర్భాలు ఉంటాయి. ఆ మాట మీరే అడగండి.